భూకంపం వచ్చాక ఆసుపత్రి పనిచేస్తుందా? తరచుగా అడిగే ప్రశ్నలు

ఆసుపత్రి యాజమాన్యాలు, డాక్టర్లు, నర్సులు, మెయింటెనెన్స్ సిబ్బంది, కొత్తగా నర్సింగ్ హోమ్ కట్టాలనుకునేవాళ్లు ఎక్కువగా అడిగే ప్రశ్నలు ఇవి. భవనాల డిజైన్ నుంచి ఆక్సిజన్ సిలిండర్‌కు కట్టే గొలుసు దాకా అన్నీ ఇందులోనే ఉన్నాయి. మీకు కావలసిన ప్రశ్న దగ్గరికి నేరుగా వెళ్లిపోవచ్చు. రెండో ప్రశ్న మాత్రం అందరూ చదవండి, మిగతా జవాబులన్నీ దాని మీదే ఆధారపడ్డాయి.

అన్ని భవనాలకూ భూకంపం ఒకటే కదా, ఆసుపత్రికి ప్రత్యేకంగా ఎందుకు?

భూకంపం రాగానే ఆఫీసు ఖాళీ అవుతుంది, స్కూలుకు సెలవిస్తారు. ఆసుపత్రికి మాత్రం అప్పుడే జనం పరిగెత్తుకొస్తారు. లోపలున్నవాళ్లలో చాలామంది లేచి నడవలేరు. వెంటిలేటర్ మీద ఒకరుంటారు, పొట్ట తెరిచి ఆపరేషన్ బల్ల మీద ఒకరుంటారు, పుట్టి రెండు గంటలైన బిడ్డ ఇంక్యుబేటర్‌లో ఉంటుంది. 1985లో మెక్సికో నగరంలో హువారెస్ ఆసుపత్రి బహుళ అంతస్తుల భవనం కూలిపోయింది, జనరల్ హాస్పిటల్‌లో ప్రసూతి విభాగం నేలమట్టమైంది. శిథిలాల కింద రోజుల తరబడి బతికిన పసికందులను బయటికి తీసిన సంగతి అప్పట్లో ప్రపంచమంతా విన్నది. 2001 జనవరి 26న భుజ్‌లో జిల్లా ఆసుపత్రే కూలింది. గాయపడినవాళ్లు వెళ్లాల్సిన చోటే శిథిలమైతే డాక్టర్లు ఆరుబయట, టెంట్లలో వైద్యం చేయాల్సి వస్తుంది.

భవనం కూలకుండా నిలబడితే చాలదా?

చాలదు. దీనికి ఒకే ఆసుపత్రి రెండుసార్లు సాక్ష్యం చెప్పింది.

అమెరికాలో లాస్ ఏంజెలెస్ నగరంలోని సిల్మార్‌లో ఆలివ్ వ్యూ ఆసుపత్రి ఉంది. 1971 ఫిబ్రవరి 9న శాన్ ఫెర్నాండో భూకంపం వచ్చేనాటికి దాని కొత్త భవనం ప్రారంభమై ఏడాదైనా కాలేదు. కింది అంతస్తులో పిల్లర్లు ఎక్కువ, గోడలు తక్కువ. పై అంతస్తులు బిగువుగా, బరువుగా ఉన్నాయి. ఊపు మొదలవగానే కింది అంతస్తు పక్కకు ఒరిగిపోయింది. భవనానికి ఆనించి కట్టిన మెట్ల టవర్లు నాలుగింటిలో మూడు విరిగి బయటికి పడ్డాయి. అంబులెన్సులు నిలిపే షెడ్డు పైకప్పు అంబులెన్సుల మీదే కూలింది. కరెంటు పోయి యంత్రాలు ఆగడంతో ప్రాణాపాయంలో ఉన్న ఇద్దరు రోగులు చనిపోయారు. ఆ భవనాన్ని చివరికి పడగొట్టేశారు.

దాని స్థానంలో చాలా దిట్టంగా మరొకటి కట్టారు. 1994 జనవరి 17న నార్త్‌రిడ్జ్ భూకంపంలో దానికి మళ్లీ పరీక్ష ఎదురైంది. పైకప్పు దగ్గర పరికరాలు నమోదు చేసిన కుదుపు గురుత్వాకర్షణకు రెండు రెట్లు దాటింది, దాదాపు 2.3 జి. ఇంతా జరిగితే పిల్లర్లకు, బీములకు చెప్పుకోదగ్గ దెబ్బ తగల్లేదు. ఇంజినీర్లు గెలిచారు. కానీ మంటలార్పడానికి నీళ్లు చల్లే స్ప్రింక్లర్ పైపులు, ఏసీ చల్లటి నీటి పైపులు తెగి వార్డుల్లోకి నీళ్లు వచ్చాయి. రోగులందరినీ వేరే ఆసుపత్రులకు పంపాల్సి వచ్చింది. వేల టన్నుల కాంక్రీటు నిలబడింది, నాలుగు వేళ్ల లావు పైపు ఆసుపత్రిని మూయించింది.

కాబట్టి అసలు ప్రశ్న 'భవనం నిలుస్తుందా' అన్నది కాదు, 'మరుసటి గంటలో అదే బల్ల మీద ఆపరేషన్ చేయగలమా' అన్నది.

మా భవనం కొత్తదే. ఇంకా టెన్షన్ ఎందుకు?

ఆలివ్ వ్యూ కూడా 1971లో కొత్తదే. అదే రోజు దగ్గర్లోని వెటరన్స్ ఆసుపత్రిలో 1920లలో కట్టిన బ్లాకులు కూలి నలభై మందికి పైగా చనిపోయారు. పాతదానికీ కొత్తదానికీ లోపాలు వేరు, అంతే. కొత్త భవనంలో చూడాల్సింది కట్టిన సంవత్సరం కాదు, డిజైన్ చేసింది ఏ కోడ్ (భవన నిర్మాణ నియమావళి) ప్రకారం, కట్టేటప్పుడు పిల్లర్లలో నిలువు కడ్డీల చుట్టూ కట్టే ఇనుప రింగులు డ్రాయింగులో ఉన్నంత దగ్గరగా వేశారా లేదా అని. రింగుల చివరలు లోపలికి వంచారా, పైపైన చుట్టి వదిలేశారా అన్నది స్లాబు వేశాక ఎవరికీ కనిపించదు. భూకంపానికి మాత్రం కనిపిస్తుంది.

భవనంలో ఏ లోపాలు ప్రమాదకరం? కంటితో చూసి చెప్పగలమా?

కొన్ని చెప్పొచ్చు.

మొదటిది బలహీనమైన కింది అంతస్తు. పార్కింగ్ కోసమో, విశాలమైన రిసెప్షన్ కోసమో కింద గోడలు తీసేసి పిల్లర్ల మీద నిలబెడతారు. పైన ప్రతి గదికీ గోడలుంటాయి. అప్పుడు ఊగడమంతా ఆ ఒక్క అంతస్తులోనే జరుగుతుంది. ఇది కింది అంతస్తులోనే ఉండాలని కూడా లేదు. 1995లో కోబేలో ఒక మునిసిపల్ ఆసుపత్రి భవనంలో మధ్యనున్న ఐదో అంతస్తు నలిగిపోయింది.

రెండోది పొట్టి పిల్లర్. వెంటిలేషన్ కోసం గోడను సగం ఎత్తుకే కట్టి పైన కిటికీలు వరసగా పెడితే, పిల్లర్‌లో కింది సగం గోడకు బిగుసుకుపోతుంది. వంగాల్సిన పొడవు తగ్గి, మిగిలిన మూర పొడవులోనే బలమంతా పడి ఏటవాలుగా చీలిపోతుంది. ఆసుపత్రి వరండాల్లో, టాయిలెట్ల దగ్గర ఇది తరచుగా కనిపిస్తుంది.

మూడోది ఎల్, టీ, యూ ఆకారాలు. రెక్కలు ఒక్కొక్కటి ఒక్కో తీరుగా ఊగి, కలిసే మూల దగ్గర చీలికలొస్తాయి. రెండు బ్లాకుల మధ్య ఖాళీ ఇరుకైతే అవి ఒకదాన్నొకటి గుద్దుకుంటాయి. పాత బ్లాకుకు కొత్త బ్లాకు అంటించి, మధ్యలో తలుపు కొట్టి కారిడార్ కలిపేయడం ఆసుపత్రులకు అలవాటు కదా, అక్కడ తప్పకుండా చూడాలి.

నాలుగోది తర్వాత జరిగిన మార్పులు. నాలుగంతస్తులకు వేసిన పునాది మీద ఆరో అంతస్తు లేస్తుంది. ఎంఆర్ఐ గది కోసం గోడ తీసేస్తారు. ఏసీ డక్టు కోసం బీముకు రంధ్రం కొడతారు. ఇవేవీ డ్రాయింగుల్లో ఉండవు. నా దృష్టిలో అన్నిటికన్నా భయపెట్టేది ఇదే. మిగతా మూడూ డిజైన్ చేసినవాడికి కనీసం తెలిసి జరిగినవి.

వీటిలో ఏదైనా కనిపిస్తే స్ట్రక్చరల్ ఇంజినీర్‌ను పిలవాలి. కంటితో చూసి 'బాగానే ఉంది' అని సర్టిఫికెట్ ఇచ్చేవాళ్లను నమ్మొద్దు. కాంక్రీటు బలం, లోపలి ఇనుము పరీక్షించి, లెక్క కట్టి చెప్పాలి.

ఆసుపత్రి డిజైన్‌కు కోడ్‌లో తేడా ఉంటుందా?

ఉంటుంది. చాలా దేశాల కోడ్‌లు ఆసుపత్రిని మామూలు భవనం కన్నా ఎక్కువ బలానికి డిజైన్ చేయమంటాయి. ఉదాహరణకు అమెరికా ప్రమాణాల్లోనూ, భారత ప్రమాణం ఐఎస్ 1893లోనూ ఆసుపత్రికి ప్రాధాన్య గుణకం 1.5. అంటే అదే చోట అదే ఎత్తున్న మామూలు భవనానికి లెక్కగట్టే భూకంప బలాన్ని ఒకటిన్నర రెట్లు చేస్తారు. క్లినిక్‌గా మార్చిన అపార్టుమెంటుకు ఈ ఒకటిన్నర రెట్లు వర్తించి ఉండవు. ఆ సంగతి గుర్తుంచుకోండి.

బేస్ ఐసొలేషన్ అంటే ఏమిటి?

భవనానికీ పునాదికీ మధ్య మెత్తటి బేరింగులు పెట్టడం. రబ్బరు పొరలు, ఉక్కు రేకులు ఒకదాని మీద ఒకటి పేర్చి, మధ్యలో సీసపు దిమ్మె ఉంచి చేస్తారు. రబ్బరు పక్కలకు కదలనిస్తుంది, ఉక్కు రేకులు భవనం బరువును మోస్తాయి, సీసం ఆ కదలికలోని శక్తిని మింగుతుంది. ఈ సీసపు రబ్బరు బేరింగును 1970లలో న్యూజిలాండ్‌కు చెందిన బిల్ రాబిన్సన్ కనిపెట్టాడు. నేల గబగబా కొట్టుకుంటుంటే పైన భవనం రెండు మూడు సెకన్లకు ఒకసారి నెమ్మదిగా ఊగుతుంది.

పనిచేస్తుందా అంటే, ఆలివ్ వ్యూ ఖాళీ అయిన 1994 నాటి భూకంపంలోనే, అదే నగరంలో బేరింగుల మీద కట్టిన యూఎస్‌సీ (సదరన్ కాలిఫోర్నియా విశ్వవిద్యాలయం) యూనివర్సిటీ హాస్పిటల్ పని ఆగలేదు. బయట నేల మీద 0.49 జి నమోదైతే దాని పైకప్పు మీద 0.21 జి మాత్రమే. మామూలు భవనంలో పైకి వెళ్లేకొద్దీ కుదుపు పెరుగుతుంది, ఇక్కడ తగ్గింది. భూకంప కేంద్రానికి అది ఆలివ్ వ్యూ కన్నా దూరమన్నది నిజమే, అందుకే ఆ రెండింటినీ పక్కపక్కన పెట్టకుండా, దాని నేలనూ దాని పైకప్పునూ పోల్చి చూడాలి. 2011 మార్చి 11న జపాన్‌లో ఇషినోమాకి రెడ్‌క్రాస్ ఆసుపత్రి కూడా ఇలాగే నిలిచి, సునామీ ముంచేసిన ఆ ప్రాంతానికంతా ఆధారమైంది. భుజ్‌లో కూలిన ఆసుపత్రి స్థానంలో కట్టినదీ బేరింగుల మీదే ఉంది. టర్కీ 2013 నుంచి, తీవ్ర ప్రమాద ప్రాంతాల్లో వంద పడకలు దాటిన కొత్త ఆసుపత్రులకు దీన్ని తప్పనిసరి చేసింది. 2023 ఫిబ్రవరిలో అక్కడ ఇస్కెండెరూన్‌లో పాత ప్రభుత్వ ఆసుపత్రి బ్లాకు కూలిపోగా, బేరింగుల మీదున్న ఆసుపత్రులు వైద్యం కొనసాగించాయి.

అయితే బేరింగులు పెట్టేస్తే ఇక నిశ్చింతేనా?

అక్కడే చాలామంది బోల్తా పడతారు. బేరింగుల మీద భవనం అటూ ఇటూ ముప్ఫై, నలభై సెంటీమీటర్లు, ఒక్కోసారి ఇంకా ఎక్కువ జరుగుతుంది. దానికోసం చుట్టూ కందకంలా ఖాళీ వదులుతారు. ఐదేళ్లు తిరిగేసరికి ఎవరో ఒకరు అందులో సామాను పడేస్తారు, పైన సిమెంటుతో ర్యాంపు వేసేస్తారు. ఇక భవనం కదలదు. బయటి నుంచి లోపలికి వచ్చే ప్రతి పైపూ, ప్రతి కేబులూ అంత దూరం వంగేలా ఉండాలి, లేదంటే మొదటి ఊపుకే తెగుతుంది.

ఇంకో తిరకాసు ఉంది. జపాన్‌లో భూకంపంలా ఊపే పెద్ద వేదిక (షేక్ టేబుల్) మీద నిజమైన పరికరాలతో ఆసుపత్రి నమూనా కట్టి ఊపి చూశారు. దీర్ఘమైన, నెమ్మది ఊపుల్లో బేరింగుల మీదున్న భవనంలో బ్రేకు వేయని చక్రాల పరికరాలు గదంతా దొర్లాయి. కోట్లు పోసి కట్టిన భవనంలో మంచం చక్రానికి బ్రేకు వేయడం నర్సు చేతిలో పని.

పాత ఆసుపత్రిని మూయకుండా బలపరచొచ్చా?

చేయొచ్చు, చేస్తున్నారు కూడా. దీన్నే రెట్రోఫిటింగ్ అంటారు. పక్క ఊపును తట్టుకునే కాంక్రీటు గోడలు (షియర్ వాల్స్) కొత్తగా కట్టడం, బయటి నుంచి ఏటవాలు ఉక్కు కడ్డీలు (బ్రేసింగు) పెట్టడం, పిల్లర్ల చుట్టూ అదనపు పొర వేయడం (జాకెటింగ్), కార్బన్ ఫైబర్ గుడ్డ చుట్టడం, ఊపు శక్తిని మింగే డ్యాంపర్లు అమర్చడం వంటి మార్గాలున్నాయి. ఆసుపత్రికి బయటి నుంచి చేసే పద్ధతులు అనువు, ఎందుకంటే వార్డుల్లో డ్రిల్లింగు దుమ్ము లేస్తే ఇన్‌ఫెక్షన్ల బెడద. లోపల చేయక తప్పకపోతే ఒక్కో భాగాన్ని పూర్తిగా మూసి, దుమ్ము బయటికి రాకుండా తెరలు బిగించి, ఆ వార్డును ముందే వేరే చోటికి మార్చాలి. ఇంజినీర్‌తో పాటు ఇన్‌ఫెక్షన్ కంట్రోల్ నర్సు కూడా ప్లాన్ మీద సంతకం పెట్టేలా చూడండి.

అంత డబ్బు లేదు. ఈ నెలలో మేం చేయగలిగింది ఏమైనా ఉందా?

చాలా ఉంది. ఆసుపత్రి కట్టడానికి, నింపడానికి అయ్యే ఖర్చులో పిల్లర్లు, బీములు, స్లాబుల వాటా ఎనిమిది శాతం దగ్గరే ఉంటుందని ఒక ప్రసిద్ధ అంచనా. మిగతాదంతా గోడలు, సీలింగు, పైపులు, కరెంటు, యంత్రాలు, సామాను. ఆ తొంభై రెండు శాతంలో చాలా భాగాన్ని బోల్టులు, పట్టీలు, గొలుసులతోనే కాపాడుకోవచ్చు.

ఒక కాగితం, పెన్ను తీసుకుని వార్డులో ఒక గంట నడవండి. ప్రతి వస్తువునూ మూడు ప్రశ్నలు అడగండి: ఇది పడితే మనిషికి దెబ్బ తగులుతుందా? దారి మూసుకుపోతుందా? వైద్యం ఆగుతుందా? మూడింటికీ 'అవును' అనిపించినదాన్ని మొదట పట్టుకోండి.

మామూలుగా బయటపడేవి ఇవి. మందుల బీరువాలు గోడకు బిగించి ఉండవు. బిగించినా ప్లాస్టరుకో, జిప్సం పార్టిషన్‌కో మేకు కొట్టి ఉంటుంది, అది పట్టు కాదు. బోల్టు కాంక్రీటులోకో, గట్టి ఇటుక గోడలోకో వెళ్లాలి. బ్లడ్ బ్యాంకులో సీసాల అరలకు ముందు అడ్డకడ్డీ ఉండదు. ఐసీయూలో మానిటర్ సరిగ్గా రోగి తల మీదుగా బ్రాకెట్‌కు వేలాడుతుంటుంది. ఫాల్స్ సీలింగు పలకలు సన్నటి తీగల మీద, వాటి మీద బరువైన లైట్లు. 2006లో హవాయిలో వచ్చిన భూకంపంలో కోనా కమ్యూనిటీ హాస్పిటల్‌ను ఖాళీ చేయించింది ఈ సీలింగులు, లైట్లే. లైటుకు స్లాబు నుంచి విడిగా రెండు తీగలు కట్టడం ఎలక్ట్రీషియన్‌కు పది నిమిషాల పని.

ల్యాబులో రసాయనాల సంగతి వేరే చెప్పాలి. కలిస్తే మంటో, విషవాయువో వచ్చే సీసాలను పక్కపక్కన పెట్టొద్దు. బరువైనవి, గాజువి కింది అరల్లో ఉండాలి.

ఆక్సిజన్ సిలిండర్లకు ఒక గొలుసు చాలా?

రెండు కావాలి, పైన మూడో వంతు దగ్గర ఒకటి, కింద మూడో వంతు దగ్గర ఒకటి. ఒక్క గొలుసే ఉంటే సిలిండర్ అడుగు జారి కిందికి దిగిపోతుంది. వాల్వు విరిగిన నిండు సిలిండర్ రాకెట్టే. ద్రవ ఆక్సిజన్ ట్యాంకు కాళ్ల కింద యాంకర్ బోల్టులు తుప్పు పట్టాయేమో చూడండి. ట్యాంకు నుంచి భవనంలోకి వచ్చే పైపు వంగేలా ఉండాలి. పైపులైను తెగినా వార్డుల్లో కొంతసేపు నెట్టుకొచ్చేందుకు చిన్న సిలిండర్లు, చేత్తో నొక్కి ఊపిరి అందించే ఆంబూ బ్యాగులు చేతికందే చోట ఉంచాలి.

జనరేటర్ ఉంది కదా, కరెంటు పోతే ఏమవుతుంది?

జనరేటర్ ఉండటం వేరు, స్టార్ట్ కావడం వేరు. స్టార్టింగ్ బ్యాటరీ స్టాండు మీద నుంచి పడితే అంత పెద్ద యంత్రమూ మూగదే. మోత తగ్గడానికి స్ప్రింగుల మీద కూర్చోబెట్టిన జనరేటర్‌కు నాలుగు పక్కలా ఇనుప అడ్డాలు లేకపోతే స్ప్రింగుల మీద నుంచి దూకేస్తుంది, డీజిల్ పైపు తెగుతుంది. ఏళ్లుగా కడగని ట్యాంకు అడుగున పేరుకున్న మడ్డి ఊపుకు పైకి లేచి ఫిల్టర్లు మూసుకుపోతాయి. నెలకోసారి ఉత్తినే తిప్పి ఆపేయడం కాదు, అసలు లోడు పెట్టి గంటసేపు నడపాలి. కనీసం మూడు రోజులకు సరిపడా ఇంధనం ఉంచుకోవాలి. యూపీఎస్ బ్యాటరీల ర్యాకును నేలకు బిగించండి.

నీళ్లు ఎంత నిల్వ ఉంచాలి?

ప్రపంచ ఆరోగ్య సంస్థ, దాని అమెరికా ఖండాల విభాగం వాడే కొలత ప్రకారం పడకకు రోజుకు 300 లీటర్లు, మూడు రోజులకు. వంద పడకలకు 90,000 లీటర్లు. డయాలసిస్ యూనిట్ ఉంటే విడిగా లెక్క వేయండి, నాలుగు గంటల ఒక్క సెషన్‌కే 120 లీటర్లకు పైగా శుద్ధమైన నీరు పడుతుంది. డాబా మీద పెద్ద ట్యాంకు ఉంటే దాని కాళ్లు, పైపులు చూడండి. అది పడితే నీళ్లూ పోతాయి, కిందున్న స్లాబూ పోతుంది.

ఊగుతున్నప్పుడు ఐసీయూలో, థియేటర్‌లో ఉన్నవాళ్లు ఏం చేయాలి?

పరిగెత్తకూడదు. మంచం బ్రేకులు వేసి, పక్క కడ్డీలు పైకి లేపి, రోగి తలను దిండుతోనో దుప్పటితోనో కప్పి, గాజుకు, అల్మారాలకు దూరంగా జరిగి కిందికి వంగి దేన్నైనా గట్టిగా పట్టుకోవాలి. థియేటర్‌లో పదునైన పరికరాలను గాయం దగ్గర నుంచి తీసేసి, శుభ్రమైన గుడ్డతో గాయాన్ని కప్పి, లైటు తల మీద నుంచి పక్కకు తోసి ఆగాలి. బలమైన ఊపు మామూలుగా నిమిషం లోపే తగ్గుతుంది. అనస్థీషియా డాక్టర్‌కు ఆ నిమిషం చాలా పొడవు. గొట్టం ఊడిందేమో, మిషన్ నడుస్తోందేమో ఆయన చూసుకున్నాకే మిగతావాళ్లు కదలాలి.

ఆగిపోయిన వెంటనే రోగులందరినీ బయటికి తేవాలా?

అక్కర్లేదు, తరచుగా అదే ఎక్కువ హాని. వెంటిలేటర్ మీదున్న మనిషిని చీకటి మెట్ల మీదుగా నాలుగంతస్తులు దింపడం చిన్న విషయం కాదు. మంట, గ్యాస్ వాసన, పిల్లర్లలో పెద్ద చీలికలు, ఒరిగిన అంతస్తు కనిపిస్తే మాత్రం ఆలోచించకుండా దింపాలి. మిగతా సందర్భాల్లో ముందు పక్క విభాగానికి మార్చి, ఇంజినీర్ వచ్చి చూసే దాకా ఆగొచ్చు. చిక్కేమిటంటే, ఆ రోజు ఊళ్లో ఇంజినీర్లందరికీ ఫోన్లు మోగుతుంటాయి, అసలు ఫోన్లే పనిచేయకపోవచ్చు. అందుకే పిలవకుండానే నేరుగా వచ్చి భవనం చూసేలా ఒకరిద్దరు స్ట్రక్చరల్ ఇంజినీర్లతో ముందే ఒప్పందం రాసుకోండి. డ్రాయింగుల కాపీ సెక్యూరిటీ గది దగ్గర ఉంచండి. ప్లాస్టరు చీలికకూ పిల్లరు చీలికకూ తేడా తెలిసేలా మెయింటెనెన్స్ వాళ్లకు అరపూట శిక్షణ ఇప్పించినా బోలెడు అనవసరపు పరుగులు తప్పుతాయి.

లిఫ్టు వాడొచ్చా?

టెక్నీషియన్ చూసే దాకా వద్దు. లిఫ్టుకు సమతూకంగా వేలాడే బరువు (కౌంటర్ వెయిట్) పట్టాల నుంచి తప్పి ఉంటే క్యాబిన్‌ను గుద్దుతుంది. మెట్ల మీద రోగిని దింపే కుర్చీలు, షీట్లు అంతస్తుకు రెండైనా ఉంచుకోండి.

మా ఆసుపత్రి ఏ స్థాయిలో ఉందో తెలుసుకునే కొలమానం ఉందా?

హాస్పిటల్ సేఫ్టీ ఇండెక్స్ ఉంది. అమెరికా ఖండాల్లో మొదలై 2008 నుంచి చాలా దేశాలకు పాకింది. రెండో ముద్రణలో 151 అంశాలున్నాయి. భవనం, లోపలి వ్యవస్థలు, అత్యవసర నిర్వహణ అన్నీ చూసి ఏ, బి, సి అని వర్గం ఇస్తుంది. ఏ అంటే విపత్తులో పనిచేసే అవకాశం ఎక్కువ, సి అంటే లోపలున్నవాళ్ల ప్రాణాలకే ముప్పు. ఇది వివరమైన ఇంజినీరింగ్ లెక్కకు బదులు కాదు, వరసలో ఏది ముందో తేల్చే సాధనం. పది ఆసుపత్రులు, ఒక్కదానికే డబ్బు ఉన్నప్పుడు బాగా పనికొస్తుంది.

చిన్న క్లినిక్‌కు ఇవన్నీ అవసరమా?

బోల్టులు, బ్రేకులు, గొలుసులు అవసరం. ఇండెక్సులు అక్కర్లేదు.

ఒకసారి అన్నీ బిగించాం. ఏడాది తర్వాత చూస్తే సగం వదులుగా ఉన్నాయి. ఏం చేయాలి?

ఇది అందరి బాధే. గోడకు రంగు వేసేటప్పుడు బీరువా పట్టీ విప్పుతారు, మళ్లీ బిగించరు. కొత్త ఫ్రిజ్ వస్తుంది, పాతదాని బోల్టు దానికి కుదరదు. దీనికి నాకు తెలిసినంతలో పనిచేసే ఉపాయం ఒక్కటే. ఏ యంత్రం కొన్నా, బిగించడం ఆర్డరులోనే రాయాలి, బిగించి ఫోటో పంపితేనే బిల్లు పాస్ కావాలి. ఇక మిగిలినవాటికి, మంటలార్పే సిలిండర్లు తనిఖీ చేసే రోజునే ఆ మనిషి చేతిలో ఒక స్పానర్ కూడా పెట్టండి.